మామ, గజ్జెల దొంగలు

పోయిన వారం చింతపండు పిసుకుతుంటే గట్టు మీద ఫోన్ టింగుమంది. మా ఇంట్లో పాటల సిస్టంను నడిపే సాఫ్ట్‌వేర్ వాళ్లు పంపిన కబురు. ఇన్నేళ్లూ వాళ్లతో కలవనని మొండికేసిన పెద్ద పాటల కంపెనీ ఒకటుంది, అది చివరికి దిగొచ్చిందట. ఇక మీదట ఆ కంపెనీ పాటల్ని కూడా ఫోన్‌తో తిప్పలు పడకుండా నేరుగా మా సాఫ్ట్‌వేర్‌లోనే వెతుక్కుని వినొచ్చునట. మా ఇంట్లో ఆ కంపెనీకి ‘దొంగ’ అని పేరు. చేతులైనా కడుక్కోకుండా హాలు వైపు తిరిగి, "మామా, దొంగ దొరికిండు!" అని కేకేశాను.

కేకేశాక గుర్తొచ్చింది, మామ పోయి ఏడాది దాటింది.

హాల్లో చిక్కుడుకాయల ఈనెలు తీస్తున్న అత్త తలెత్తి చూసింది. తను కూడా అప్పుడప్పుడూ చాయ్ గ్లాసు పట్టుకుని ఆయన కుర్చీ దాకా వెళ్లి వెనక్కి వస్తుంటుంది, నేను చూడనట్టే ఉంటాను. మామ గురించి రాయాలని అప్పటికప్పుడు అనిపించింది. పుట్టుక, చదువు, ఉద్యోగం అంటూ వరుసగా రాస్తే ఆయనకే విసుగొస్తుంది. అందుకని ఆయన చెవుల సంగతి ఒక్కటే రాస్తాను. చెవుల సంగతి రాస్తే మనిషి సంగతి రాసినట్టే.

మామ అంటే మా ఆయన తండ్రి. గోదావరిఖని బొగ్గు గనుల్లో పనిచేసి, రిటైరయ్యాక కరీంనగర్‌లో ఇల్లు కట్టుకున్నాడు. నేను మెట్‌పల్లి పిల్లను. పసుపు, వరి తప్ప మా పుట్టింట్లో వేరే ముచ్చట ఉండేది కాదు. పెళ్లయిన కొత్తలో "మామయ్యా, మీరు" అని మొదలుపెట్టబోతే చెయ్యి అడ్డం పెట్టాడు.

"మీరు గీరు అనకు బిడ్డా. గట్లంటే నా ఎన్క మా మేనేజర్ వచ్చి నిలవడ్డట్టయితది."

ఆ రోజు నుంచి ఆయన నాకు మామ, నేను ఆయనకు బిడ్డ.

ఆయన వేళ్ల కణుపులు ఊరికే ఉండేవి కావు. కనబడిన ప్రతి వస్తువునూ తట్టేవాడు. గనిలో పని మొదలుపెట్టే ముందు ఒకరు నెత్తి మీది కప్పును కర్రతో తట్టి వినాలట. రాయి గట్టిగా ఉంటే ఖణేలుమంటుంది, పొర వదులైతే డొల్లగా మోగుతుంది. చాలా ఏళ్లు ఆ పని మామదే. గని నుంచి బయటికొచ్చాడు గాని తట్టుడు మాత్రం మానలేదు. అంగట్లో సొరకాయ తట్టేవాడు, గుమ్మడికాయ తట్టేవాడు, కొత్తగా వేసిన తలుపు తట్టేవాడు. మా ఆడబిడ్డకు సంబంధం చూడబోయి పెళ్లికొడుకు ఇంటి స్తంభం తట్టి, "లోపట డొల్లున్నది" అన్నాడట వాళ్ల ముందరే. ఆ సంబంధం అక్కడికి సరి. ఇంటికొచ్చాక అత్త మొత్తుకుంటే ఆయన జవాబు ఒక్కటే.

"సప్పుడు అవద్దమాడదే."

ఆ మాట రోజుకెన్నిసార్లు అనేవాడో. కుక్కర్ కూతకు అనేవాడు, స్కూటర్ ఇంజనుకు అనేవాడు, ఎదురింటాయన దగ్గుకు కూడా అనేవాడు.

ఆ తర్వాత పాటలు. మామకు పాటల పిచ్చి అని చెప్తే తక్కువ చెప్పినట్టే. కరీంనగర్‌లో స్పీకర్లు కొనడానికి పోయి, దుకాణాయన పాట పెట్టబోతే వద్దని, వరుసగా అన్ని పెట్టెలనూ తట్టుకుంటూ పోయాడు. దుకాణాయన మా ఆయన చెవిలో, "పెద్దమనిషికి పానం మంచిగనే ఉన్నదా?" అని అడిగాడట. చివరికి ఎంచింది ఇద్దరు మనుషులు మోస్తే గాని కదలని జత. హాల్లోకి వచ్చిన వాటిని చూసి మా ఆయన, "స్పీకర్లు తెమ్మంటే బీరువాలు తెచ్చినవేంది బాపూ" అన్నాడు. వాటి ఎదురుగా పేముతో అల్లిన ఒక బేతు కుర్చీ. పొద్దున స్నానం చేసి, బనీనూ లుంగీతో ఆ కుర్చీలో కూర్చున్నాడంటే ఇక ఆ మధ్య నుంచి ఎవరూ పోకూడదు. పోయామా, "గాలికి అడ్డం నిలవడకురి!" అని అరిచేవాడు. గనిలో గాలి వచ్చే దారికి ఎవరూ అడ్డం నిలబడరట, హాల్లోనూ అదే కట్టుబాటు.

వాల్యూం సంగతి ఇంకో తమాషా. గనిలో దూరంగా ఉన్న మనిషికి నెత్తి మీది లైటుతోనే సైగ చేస్తారు. తల పైకీ కిందికీ ఆడిస్తే ఒక అర్థం, అడ్డంగా ఊపితే ఒక అర్థం. మామ లైటు లేకుండానే అవే సైగలు చేసేవాడు. పైకీ కిందికీ ఆడిస్తే పెంచమని. వచ్చిన చుట్టాలు తమ మాటలకే తలూపుతున్నాడనుకుని ఇంకా హుషారుగా చెప్పుకుపోయేవాళ్లు. నేనేమో వాల్యూం పెంచుతూ పోయేదాన్ని. చివరికి వాళ్లే లేచి పోయేవాళ్లు.

క్యాసెట్లు బూజు పట్టి, సీడీలు గీతలు పడ్డాక, ఇంట్లో కంప్యూటర్ ముందు ఉద్యోగం చేసేదాన్ని నేనే కాబట్టి ఆయన పాటల బాధ్యత నా మెడకు పడింది. టీవీ కింద ఒక చిన్న పెట్టె, అందులో ఆ సాఫ్ట్‌వేర్. అది ఏం చేస్తుందో మామకు ఇట్లా చెప్పాను. ఫోన్లో పాటలిచ్చే ఒక్కో యాప్ ఒక్కో దుకాణం. ఒకదాంట్లో గజళ్లు బాగుంటాయి, ఒకదాంట్లో పాత తెలుగు పాటలు. మన క్యాసెట్ల నుంచి ఎక్కించుకున్నవి వేరే. ఈ సాఫ్ట్‌వేర్ ఆ దుకాణాల తాళంచెవులు తన దగ్గర పెట్టుకుని, వాటి పాటల్నీ మన పాటల్నీ ఒకే వరుసలో పేరుస్తుంది. పాట పేరు కొడితే ఏ దుకాణంలో ఉన్నా తెచ్చి స్పీకర్లకు అందిస్తుంది.

మామ కాసేపు ఆలోచించి, "అంటే సర్దార్ అన్నట్టు" అన్నాడు. గనిలో ఒక జట్టును నడిపించే మనిషిని సర్దార్ అంటారు. "ఎవల్ని యాడ పనికి పెట్టాల్నో ఆనికే ఎర్క. మంచిది. సర్దార్ లేని పని పనే గాదు."

అట్లా మా ఇంట్లో సాఫ్ట్‌వేర్ పేరు సర్దార్ అయింది. "సర్దార్ లేచిండా?", "సర్దార్‌కు ఇయ్యాల నెట్ అందుతలేదు మామా" లాంటి మాటలు విని మా పనామె ఇంట్లో ఎవరో కొత్త మనిషి దిగాడనుకుంది.

అంతా బాగానే ఉంది. ఒకరోజు కోలాటం పాట ఒకటి పెట్టమన్నాడు. చిన్నప్పటి నుంచి ఆయనకు ఇష్టమైన జానపదం. ఆడవాళ్లు చుట్టూ తిరుగుతూ పాడుతుంటే కోలల చప్పుడు, కాళ్ల గజ్జెల చప్పుడు కలిసి వస్తుంటాయి. మామ కళ్లు మూసుకుని విన్నాడు. తెరిచి నన్ను చూశాడు.

"కోలలున్నయ్. గజ్జెలేవి?"

మళ్లీ పెట్టాను. మళ్లీ విన్నాడు.

"గజ్జెలు లెవ్వు. కాజేసిన్రు బిడ్డా."

"ఎవరు మామా?"

"గీ కంపెనోళ్లు."

గనిలో మందు పెట్టి బొగ్గు పేల్చే పని చేసి, ఇప్పుడు మంథనిలో ఉంటున్న ఆయన దోస్తు ఒకాయన ఉన్నాడు. మేము మంథని కాక అంటాం. వాళ్లిద్దరూ ఫోన్లో మాట్లాడుకుంటే మా గల్లీలో అందరికీ రెండు వైపుల మాటలూ తెలిసేవి. ఆ కాక మామకు ఒక సంగతి చెప్పాడు. ఇంటర్నెట్‌లో పంపేటప్పుడు పాటను పిండి, చిన్నగా చేసి పంపుతారట. అందులో కొంత రాలిపోతుందట. ఆ మాటలో నిజం లేకపోలేదు. అదే మామకు ఊతమైంది. రాలిపోయింది గజ్జెలేనని తేల్చేశాడు. నేను పాటను పిండకుండా పంపే దుకాణానికి మారాను, వైర్లు మార్చాను, స్పీకర్లను గోడకు జరిపాను, గోడ నుంచి లాగాను. కోలలు ఇంకా బాగా వినబడుతున్నాయి గాని గజ్జెలు రాలేదనేవాడు మామ. నేనూ ఆయన చెవినే నమ్మి, నా చెవి పెట్టి వినలేదు.

ఒకరోజు ఆ పాట మోగుతుండగా స్పీకర్ల మీద దుమ్ము దులుపుతున్నాను. మామ అప్పుడే అరుగు మీదికి పోయాడు కాబట్టి గాలికి అడ్డం నిలబడ్డానని అరిచేవాళ్లు లేరు. గజ్జెలు ఘల్లుఘల్లుమని నా మొహం మీదే మోగుతున్నాయి. దులపడం ఆపి నిలబడిపోయాను. వంటింటి గుమ్మంలో అత్త నిలబడి ఉంది. నన్ను చూసి, "ఉన్నయ్ గదా?" అన్నట్టు కనుబొమలెత్తింది. తనకు ముందే తెలుసు. మా ఆయనకూ తెలుసు. మామకు చెవులు మందగించాయని ఇంట్లో మామకు తప్ప అందరికీ తెలుసు.

చెప్పడానికి ఎవరికీ నోరు రాలేదు. ఎందుకు రాలేదో తెలియాలంటే మామ కథ వినాలి. ప్రతి పండక్కీ, భోజనాలయ్యాక, చెయ్యి కడుక్కుని వచ్చి చెప్పే కథ. ఎవరో ఒకరు కొత్తవాళ్లు ఉంటే చాలు, లేకపోతే పాతవాళ్లయినా చాలు.

"పోరగాండ్లు కొత్తగ తీసిన జాగల పని షురూ జేయబోయిన్రు. నేను తట్టిన. ఇక్కడ మంచిగున్నది, గాడ మంచిగున్నది. ఇంకో అడుగేసి తట్టిన. సప్పుడు మారింది. గంతే. బైటికి అన్న. ఎవ్వడు ఎందుకని అడుగలే. పనిముట్లు గూడ ఇడిసిపెట్టి నడిసిన్రు. మేం మలుపు తిరిగినమో లేదో, ఎన్క మొత్తం కూలింది."

ఇక్కడ ఆగి, అందరి మొహాలూ చూసి, చూపుడువేలు చెవికి ఆనించేవాడు.

"ఇన్నోడు చెప్పాలె. చెప్పినంక ఇంకోడు ఎందుకని అడుగద్దు. ఆఫీసర్ గానియ్, కూలి గానియ్. గదే గని కానూన్."

ఆ చెవిని నమ్మి మనుషులు బతికారు. అప్పటికీ పాత జట్టువాళ్లు ఎవరైనా ఎదురైతే, "నీ చెవి సల్లగుండ" అని దండం పెట్టేవాళ్లు. అటువంటి మనిషి దగ్గరికి పోయి, నీ చెవి పాడైంది అని ఎట్లా అంటాం? కాలు పోయిందంటే తట్టుకునేవాడేమో గాని, చెవి పోయిందంటే మామ అనే మనిషే మిగలడని మా అందరి భయం. పాటలు మానేసి, కుర్చీ మూలకు నెట్టి, అరుగు మీద మౌనంగా కూర్చునే మామను నేను ఊహించుకోలేకపోయాను.

అందుకని నాకు తోచిన పని చేశాను. సర్దార్‌లో సన్నటి శబ్దాలను వేరేగా పెంచుకునే వీలుంది. ఆయన్ను కుర్చీలో కూర్చోబెట్టి చెప్పే చేశాను.

"మామా, సన్న సప్పుళ్లు జర పెంచుత. ఇను."

కొంచెం పెంచాను. మామ తల పైకీ కిందికీ ఆడించాడు. ఇంకొంచెం. మళ్లీ ఆడించాడు. నా పళ్లు జివ్వుమనే దాకా వచ్చాక, కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు.

"వచ్చినయ్! గజ్జెలొచ్చినయ్ బిడ్డా! వాళ్లు కోసిన్రు, మనం అతికించినం!"

స్టీలు పళ్లెం మీద మేకుతో గీరినట్టుంది నాకు. మా పిల్లలు చెవులు మూసుకుని మేడ మీదికి పరుగెత్తారు. అత్త వంటింట్లోకి పోయి తలుపు దగ్గరగా వేసుకుంది. మామ మొహం మాత్రం వెలిగిపోతోంది. ఆ వెలుగు చూశాక నాకు ఇంకేమీ అక్కర్లేదనిపించింది.

అప్పటి నుంచి దోస్తుల రాక మొదలైంది. మంథని కాక బస్సెక్కి వచ్చేవాడు. ఆసిఫాబాద్‌లో కూతురి దగ్గర ఉంటున్న ఇంకో కాక వచ్చేవాడు, గనిలో డ్రిల్లింగ్ మిషన్ పట్టినాయన. ఆయన మాటల్లో అటువైపు మరాఠీ కలుస్తుంటుంది. మామ పాట పెట్టి వాళ్ల మొహాలు చూస్తూ కూర్చునేవాడు.

"గజ్జెలొచ్చినయా?"

"ఎందుకు రాలే! ఘల్లుమంటున్నయ్."

"బరోబర్! ఎన్నేండ్లాయె గిట్ల ఇనక!"

నాకు మొదట ఆశ్చర్యం వేసింది, తర్వాత అర్థమైంది. అందరూ అవే మిషన్ల మధ్య, అదే ఫ్యాన్ల హోరులో, అన్నేళ్లు పనిచేసినవాళ్లు. అందరి చెవులూ ఒకే చోట అరిగాయి. ఆ ఇంట్లో ఆ స్పీకర్ల ముందు తప్ప వాళ్లకు గజ్జెలు ఇంకెక్కడా వినబడవు. వాళ్లు ముగ్గురూ తొడల మీద తాళం వేస్తుంటే నాకు కళ్లలో నీళ్లు తిరిగేవి, చెవులు మాత్రం పోటెత్తేవి. దూది పెట్టుకుని చాయ్ ఇచ్చేదాన్ని.

ఇక దొంగ సంగతి. పాత తెలుగు పాటలు, జానపదాలు అన్నిటికంటే ఎక్కువున్న పెద్ద కంపెనీ మా సర్దార్‌కు తాళంచెవి ఇవ్వలేదు. దాని పాట కావాలంటే ఫోన్లో పెట్టి నేరుగా స్పీకర్ల ఆంప్లిఫయర్‌కు పంపాలి. అట్లా పంపితే పాట సర్దార్ చేతుల మీదుగా పోదు. పోకపోతే నేను పెంచింది దానికి అంటదు. అంటకపోతే మామకు గజ్జెలు వినబడవు. చూశారా చిక్కు! చిన్న దుకాణాల్లో గజ్జెలున్నాయి, పెద్ద దుకాణంలో లేవు. మామ అనుమానానికి ఇంతకంటే రుజువేం కావాలి?

"మామా, అది సర్దార్ కాడికెల్లి పోతలేదు. నేరుగ పోతున్నది, గందుకే" అని చెప్పి చూశాను.

"సర్దార్‌ను తప్పించుకొని పోయేటోడు దొంగ గాకపోతే ఎవడు?" అన్నాడు.

నేను ఫోన్ తీసేసి మళ్లీ సర్దార్‌నే లేపాను.

చివరికి ఒక ఆదివారం పంచాయితీ పెట్టాడు. మంథని కాక, ఆసిఫాబాద్ కాక పొద్దున్నే దిగారు. మామ ఇస్త్రీ చొక్కా వేసుకున్నాడు. ఒకరి మాట ఇంకొకరికి అంటకుండా ఒక్కొక్కరినే కుర్చీలో కూర్చోబెట్టి, కళ్లు మూయించి, అదే కోలాటం పాటను ఒకసారి సర్దార్ నుంచి, ఒకసారి ఫోన్ నుంచి నా చేత పెట్టించాడు. మంథని కాక మొదటిదాంట్లో గజ్జెలున్నాయన్నాడు, రెండోదాంట్లో లేవన్నాడు. ఆసిఫాబాద్ కాకదీ అదే మాట. తర్వాత మామ తనే కూర్చుని విని, లేచి, తీర్పు చెప్పినట్టు చొక్కా సర్దుకున్నాడు.

"ఇగ కంపెనోళ్లకు రాయి బిడ్డా. ఇంగ్లీష్‌ల రాయి. మేం గనిల పనిజేసినోళ్లం, సప్పుడంటే ఏందో మాకు చెప్పద్దు, మా గజ్జెలు మాకు పంపున్రి అని రాయి. ముగ్గురం సంతకాలు పెడ్తం."

ల్యాప్‌టాప్ తెరిచి కూర్చున్నాను. ఈ ఉత్తరం బయటికి పోయి, ఎవరో ఒకరు నవ్వి, అది అందరి ఫోన్లలోకి ఎక్కితే మామ ఏమైపోతాడు? రాయనంటే ఎందుకని అడుగుతాడు. ఏం చెప్పను?

అప్పుడే అత్త సర్వపిండి పళ్లెం పట్టుకుని వంటింట్లోంచి వచ్చింది. హాల్లో మగవాళ్లు పాటల దగ్గరుంటే తను రావడమే అరుదు. పళ్లెం స్టూలు మీద పెట్టి, కొంగుతో చెయ్యి తుడుచుకుని, నిలబడే ఉంది.

"రెండిట్ల ఉన్నయ్" అంది.

మామ ఆమె వైపు తిరిగాడు. "ఏమున్నయే?"

"గజ్జెలు. రెండిట్ల ఉన్నయ్. ఫోన్‌ల పాటకు తగ్గట్టున్నయ్. మీ సర్దార్‌ల చెవుల సూది గుచ్చినట్టున్నయ్."

"మరి మాకెందుకు ఇనవడలే వదినా?" అన్నాడు మంథని కాక.

"ఎట్ల ఇనవడ్తయన్నా? ఇన్నేండ్లు గా మిషన్ల నడుమ ఉంటిరి. ఎవలు ఏం కాజేయలే. మీ చెవులే అరిగినయ్. పాపం, ఎవల్నో దొంగలంటున్రు."

"కాయ్ ఝాలా? ఏమైంది నా చెవులకు? మస్తు ఇనవడ్తున్నది నాకు!" అని ఆసిఫాబాద్ కాక అరిచాడు. ఆ అరుపుకు కిటికీ అద్దం అదిరింది. దాంతో తనకే ఏదో తోచినట్టుంది, నోరు మూసుకున్నాడు.

మామ నా వైపు చూశాడు.

"బిడ్డా, నువ్వు చెప్పు. రెండిట్ల ఉన్నయా?"

అత్త చెప్పేసింది కాబట్టి నాకు ధైర్యం వచ్చింది. "ఉన్నయ్ మామా."

మామ కుర్చీలో కూర్చున్నాడు. ఆయన మొహం ఎర్రబడింది, తర్వాత మామూలైంది. అరుస్తాడనుకున్నాను, పాటల పెట్టె బయట పారేయమంటాడనుకున్నాను. ఆయన ఇద్దరు దోస్తుల ముందర, కోడలి ముందర, తన ఇంట్లోనే తన చెవి పోయిందన్న మాట విన్నాడు. ఇన్నేళ్లు మేమంతా ఏది జరగకూడదని నోళ్లు కుట్టుకున్నామో అదే జరిగింది.

నోరు విప్పాడు. దోస్తులతో కాదు, నాతో కాదు, అత్తతో.

"ఎప్పటిసంది?"

"ఏంది?"

"సూది గుచ్చినట్టున్నదంటివి. ఎప్పటిసంది గుచ్చుతున్నది నీకు?"

"నువ్వు గజ్జెలొచ్చినయన్న కాడికెల్లి."

"గందుకేనా తలుపేసుకుంటున్నవు?"

"మరేం జేయాలె? నువ్వు గంత ఖుషీగ ఉంటివి."

మామ తల దించుకున్నాడు. ఆయన తల దించుకోవడం నేను చూసింది అదొక్కసారే. చెవి పోయిందన్నప్పుడు దించుకోలేదు, ఈ మాటకు దించుకున్నాడు. లేచి, చొక్కా సర్దుకుని, దోస్తుల వైపు తిరిగాడు. గొంతు మళ్లీ ఎప్పటి గొంతే, కప్పు కింద నిలబడి జట్టుకు చెప్పే గొంతు.

"ఇన్నామె చెప్పింది. ఇగ లేవున్రి."

"యాడికి?" అన్నాడు మంథని కాక.

"ఎందుకని అడుగద్దు. చెవుల డాక్టర్ కాడికి."

"ఇయ్యాల ఆదివారం. డాక్టరుండడు. సర్వపిండి సల్లారుతున్నది, తినున్రి ముందు" అంది అత్త.

ముగ్గురూ బుద్ధిగా కూర్చుని తిన్నారు. ఆసిఫాబాద్ కాక అలిగినట్టు మొహం పెట్టాడు గాని రెండో తాప అడిగి పెట్టించుకున్నాడు. ఆ రోజు వాళ్లను ఊళ్లకు పోనివ్వలేదు మామ. తెల్లారి ఇద్దర్నీ ఆటోలో ఎక్కించి, తను డ్రైవర్ పక్కన కూర్చుని, మార్కెట్ వైపు ఉన్న చెవుల డాక్టర్ దగ్గరికి తీసుకుపోయాడు. డాక్టర్ చెప్పిన మాట అత్త చెప్పిన మాటే, కాకపోతే ఒక యంత్రం ముందు కూర్చోబెట్టి చెప్పాడు. మామ బయటికొచ్చి నాకు ఫోన్ చేశాడు. "మీ అత్త బరోబర్ చెప్పింది బిడ్డా. మిషన్ లేకుంటనే చెప్పింది" అన్నాడు, తనేదో గెలిచినట్టు. ఆ మనిషి అంతే. ఓడిపోయినా గట్టిగా ఓడిపోయేవాడు.

ఆ తర్వాత కొన్నాళ్లు ఆయనకు అదే పని అయింది. పాత దోస్తులందరికీ ఫోన్లు. "నీకు పిట్టలు ఇనవడ్తున్నయా? కుక్కర్ కూత? నీ పెండ్లాం ఏమన్నది? ఇనవడలేదా? రా కరీంనగర్‌కు." అలిగినవాళ్లున్నారు, తిట్టినవాళ్లున్నారు. అయినా ఒక్కొక్కరినీ లాక్కొచ్చి డాక్టర్ గదిలో కూర్చోబెట్టాడు.

చెవుల్లో మిషన్లు పెట్టుకున్న మొదటి రోజుల్లో మామ పరేషాన్ అయ్యాడు. తన చెప్పుల చప్పుడు తనకే చిరాకు, పంపు చుక్కలు చిరాకు. ఇంకో ఇబ్బంది అత్తకు వచ్చింది. తను పని చేసుకుంటూ మామను సన్నగా తిట్టుకోవడం ఎన్నో ఏళ్ల అలవాటు. ఒకరోజు బియ్యం ఏరుతూ ఏదో అంటే, హాల్లోంచి, "ఏమన్నవే?" అని వినబడింది. అత్త చాట కింద పెట్టి నోటి మీద చెయ్యి వేసుకుంది.

"ఇన్నేండ్లసంది గివన్నీ అంటున్నవా?" అన్నాడు మామ గుమ్మంలోకి వచ్చి.

"ఇంకా చానా ఉన్నయ్. తీరికున్నప్పుడు చెప్త."

మామ గోడ పట్టుకుని నవ్వాడు. ఆ నవ్వుకు పిల్లలు కిందికి దిగొచ్చారు.

పాటల సంగతి మాత్రం డాక్టర్ దగ్గరికి పోయిన రోజే తేల్చేశాడు. "బిడ్డా, నువ్వు పెంచింది తీసెయ్. మీ అత్తకు ఎట్ల మంచిగుంటదో గట్ల పెట్టు." నేను అత్తను పిలిచి, ఆ బేతు కుర్చీలోనే కూర్చోబెట్టాను. ఆమె మొహమాటపడుతూ అంచు మీద కూర్చుంది. ఒక్కో శబ్దం తగ్గిస్తూ, పెంచుతూ అడిగాను. ఆమె చెప్పింది. ఇంత కచ్చితంగా చెప్పే మనిషిని ఇన్నాళ్లూ వంటింట్లో తలుపేసి కూర్చోబెట్టామా అని నాకు ఒళ్లు మండింది. తర్వాత మామ బజారుకు పోయి రెండో బేతు కుర్చీ తెచ్చాడు. దాన్ని తట్టనైనా తట్టలేదు, అత్తను కూర్చోబెట్టి, "మంచిగున్నదా?" అని అడిగి కొన్నాడు.

మిషన్లు అలవాటయ్యాక ఒక పొద్దున ఇద్దరూ హాల్లో కూర్చున్నారు. "ఆ దొంగోని దుకాణంల ఎత్కి పెట్టు బిడ్డా" అన్నాడు. ఫోన్లోంచి అదే కోలాటం పాట పెట్టాను. పెంచడాలు లేవు, అతికించడాలు లేవు, పాట ఎట్లా పాడారో అట్లాగే వస్తోంది. వంటింటి తలుపు తెరిచే ఉంది. మామ కళ్లు మూసుకుని విన్నాడు. మధ్యమధ్యలో కళ్లు తెరవకుండానే అత్త వైపు వంగి ఏదో అడుగుతున్నాడు, అత్త ఒక్కో మాటతో జవాబిస్తోంది. పాట అయిపోయింది.

"గజ్జెలొచ్చినయా మామా?" అన్నాను.

"కొన్నొచ్చినయ్. కొన్ని రాలే."

"జర పెంచాల్నా?"

"ఒద్దు" అన్నాడు. "రాని గజ్జెలెట్లున్నయో మీ అత్తనడుగుత."